విజిట్ మీద చియాంగ్ మాయి పోయిన మా బాపు

మా కోరుట్లలో పాస్‌పోర్టు లేని ఇల్లు తక్కువ. సరదాగా తిరగడానికి విమానమెక్కిన మనిషి మాత్రం ఇంకా తక్కువ. మా బాపు మొదటిసారి గల్ఫ్‌కి ఓ ఏజెంటు మాట నమ్మి "విజిట్ మీద" పోయాడు. మావైపు ఆ మాటకు ఒకటే అర్థం: చూడ్డానికొచ్చామని అబద్ధం చెప్పి పనిలో దూరడం. అక్కడి ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గరే పట్టుకుని తిప్పి పంపారు. తర్వాత సరైన వీసాతో వెళ్లి ఏళ్ల తరబడి సెంట్రింగు పని చేసినా ఆ భయం పోలేదు. "ఇగ ఇమానం మొకం సూడ" అని ఒట్టేసుకుని ఇంటికొచ్చేశాడు. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టించాలని నా పంతం.

హడావుడి లేని, ఖర్చు తక్కువయ్యే ఊరు వెతికితే థాయిలాండ్‌లో చియాంగ్ మాయి దొరికింది. మార్చిలో అక్కడ పొలాలు కాల్చిన పొగ కమ్ముతుందని చదివి డిసెంబరుకు పెట్టుకున్నాను. రెండు నెలల ముందే కొంటే రానుపోను టికెట్ మనిషికి ఇరవై వేలలోపే వచ్చింది. ఆ ఊరి పాత కోట లోపల శుభ్రమైన గది రోజుకు పదిహేను వందలు. కట్టిన డబ్బు దండగవుతుందని బాపు ఎలాగో ఒప్పుకున్నాడు. ఈ సంగతి పక్కింటి రాజన్న మామ చెవిన పడింది.

"విజిట్ అంటున్నరట? ఏజెంటు ఎవడు బిడ్డా? ముంగటనే పైసలు కట్టకుండ్రి!"

"ఏజెంటును నేనే మామా!" అన్నాను. మామ నన్ను జాలిగా చూశాడు.

పొద్దున బస్సెక్కి జగిత్యాల, కరీంనగర్ మీదుగా మధ్యాహ్నానికి హైదరాబాద్ చేరాం. రాత్రి విమానమెక్కితే తెల్లారేసరికి బ్యాంకాక్. బాపు పాత అలవాటు కొద్దీ పాస్‌పోర్టు సంచి మెడలో వేసుకుని, దాన్ని రెండు చేతులతో పట్టుకుని అక్కడి ఇమిగ్రేషన్ వరుసలో నిలబడ్డాడు.

"బిడ్డా, అడిగితే ఏం చెప్పాలె?"

"ఉన్నదే చెప్పు బాపూ. తిరగనీకి అచ్చిన అని."

నేను పక్క కౌంటర్ దగ్గరున్నా నా చెవి అటే ఉంది. "పర్పస్?" అని అధికారి అడిగాడో లేదో, బాపు టక్కున "వర్క్!" అన్నాడు. ఓరి దేవుడా! ముద్ర వేయబోయిన చేయి ఆగిపోయింది. బాపు నాలుక కరుచుకుని నా వైపు చూశాడు. అంతే, ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, హాలంతా వినబడేలా అరిచాడు: "నో వర్క్! వర్క్ ఫినిష్! విజిట్! మై డాటర్ టికెట్!" అధికారి తిరుగు టికెట్, హోటల్ కాగితం చూసి, ఫక్కున నవ్వి, ముద్ర కొట్టాడు.

"విజిట్ మీద లోపటికి అచ్చిన బిడ్డా!" అంటూ బాపు బయటికొచ్చిన తీరు చూడాలి, ఎలక్షన్ గెలిచినట్టే! నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

అక్కడి నుంచి చియాంగ్ మాయికి ఇంకో విమానం, గంటంబావు. ఊళ్లో తిరగడానికి వెనక రెండు బల్లలున్న ఎర్ర బండ్లుంటాయి, మన షేర్ ఆటోల్లాగే. మనిషికి నలభై బాత్‌లు, అంటే మన డబ్బుల్లో నూటపాతిక లోపు. డ్రైవరు వచ్చీరాని ఇంగ్లీషులో "బిజినెస్?" అని అడిగాడు. బాపు మీసం సవరించుకుని, "విజిట్" అన్నాడు. కొండమీది దోయ్ సుతేప్ గుడికి మెట్లెక్కి, "మన కొండగట్టు లెక్కనే ఉన్నదే. కోతులే తక్కువ" అని తేల్చేశాడు.

సాయంత్రం కోట చుట్టూ ఉన్న కాలువ గట్టున కూర్చున్నాం. ఎదురుగా ఏదో భవనం లేస్తోంది. బాపు ఆ సెంట్రింగు కర్రల వైపు చాలాసేపు చూశాడు. లేచి వెళ్లి సలహా ఇస్తాడేమో అనుకున్నాను. కాళ్లు చాపుకున్నాడు.

"బిడ్డా, నేను పని చెయ్యకుంట కూసున్న పరాయి దేశం గిదొక్కటే."

ఇన్నాళ్లూ మా ఇళ్లల్లో విమానమంటే ఏడుపులు, ఎదురుచూపులు. ఒక మనిషి అదే మెడసంచితో వెళ్లి, ఊరికే కూర్చుని, నవ్వుతూ తిరిగి రావచ్చని మా వాడంతా చూసింది. ఇప్పుడు రాజన్న మామే, "మల్లెప్పుడు పోతున్నరు? నన్ను సుత తీస్కపోండ్రి" అంటున్నాడు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ప్రవేశ నిబంధనలు మారుతుంటాయి, బయల్దేరే ముందు చూసుకుని తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితం మీద ప్రింటు తీసి చేతిలో ఉంచుకోండి. ఎందుకొచ్చారని అడిగితే మా బాపులా విజిట్ అనండి, గట్టిగా అనండి.