గాజు పెంకులు ఏరిన పిల్ల

ఆ వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అనేవారు. కిటికీలకూ అల్మారాలకూ గాజు పలకలు కోసి బిగించడం ఆయన పని. సన్నటి మనిషి, మాట నెమ్మది. పలక మీద గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, అన్నం తింటూ ఏదైనా ఆలోచనలో పడినా ఊపిరి ఆగిపోయేది. "ముందు గాలి పీల్చుకోండి, ఆలోచన ఎక్కడికీ పోదు" అనేది భార్య.

ముందు గది దుకాణం, వెనక గది కాపురం. మధ్యలో ఒక గడప. కూతురు పాకే వయసులో ఒక పెంకు గడప దాటి వచ్చి దాని మోకాల్లో దిగింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఒకటే నియమం. నేలమీద గాజు పెంకు కనిపిస్తే ఎవరు పడేశారని అడగకూడదు, ముందు తీసెయ్యాలి. ఆ పిల్ల నడవడమూ వంగి పెంకులు ఏరడమూ ఇంచుమించు ఒకేసారి నేర్చుకుంది. ఇప్పుడు పదో తరగతి. బళ్ళో టీచరు చేతిలోంచి గ్లాసు జారిపడితే అందరికంటే ముందు లేచేది ఇదేనట.

ఆ బడి వీధి చివర మిట్ట మీద ఉండేది. మైదానం వైపు తరగతి గదులన్నిటికీ కిటికీలే. ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగిందంటే మర్నాడు పొద్దున్నే అటెండరు దుకాణం ముందు ప్రత్యక్షం. గెలిచినా పగిలేవి, ఓడినా పగిలేవి. అద్దాలాయనకు అది బాధగా ఉండేదంటే అబద్ధమవుతుంది. కొలతలు రాసుకుంటున్నప్పుడు ఆయనకు తెలియకుండానే కూనిరాగం వచ్చేసేది. "ఊళ్ళో ఏదో ఒకటి పగిలితే గాని మీ మొహంలో వెలుగు రాదు" అని భార్య దెప్పేది.

మొదట్లో ఆ గదుల్లో గులకరాళ్ళు దొరికేవి. తర్వాత ఇటుక ముక్కలు వచ్చాయి. ఒకసారి కిటికీ బద్దలు కొట్టుకుని వచ్చిన రాయి ఎదుటి గోడకున్న నల్లబల్లలో గుంట చేసింది. ఆయన ఆ గుంటలో వేలు పెట్టి చూశాడు. వెనక్కి తిరిగి, కిటికీకీ బల్లకూ మధ్య బెంచీ మీద కూర్చున్న పిల్ల తల ఎక్కడిదాకా వస్తుందో చూశాడు. ఆ రోజు కూనిరాగం రాలేదు. పనిముట్లు అక్కడే వదిలి పెద్దసారు గదికి వెళ్ళాడు.

"సార్, రాళ్ళు పెద్దవవుతున్నాయి."

"కుర్రాళ్ళయ్యా, ఉడుకు రక్తం. అయినా నీకేం, పని దొరుకుతోందిగా."

ఆయన తిరిగి వెళ్ళి పలక బిగించాడు.

విసిరేదెవరో అందరికీ తెలుసు. బడి సెక్రటరీ గారి అబ్బాయీ, వాడి వెంట తిరిగే గుంపూ. తర్వాతి మ్యాచ్‌కు అద్దాలాయన స్వయంగా వెళ్ళాడు. ఆ గుంపు అవతలి జట్టు గోల్‌పోస్టు వెనక చేరి డ్రమ్ము వాయిస్తూ, అక్కడ నిలబడ్డ కుర్రాణ్ణి వాళ్ళమ్మతో కలిపి తిడుతోంది. మాస్టర్లు కుర్చీల్లో కూర్చుని ఆట చూస్తున్నారు. చుట్టూ ఉన్న తల్లిదండ్రుల్లో కొందరు మొహం తిప్పుకున్నారు, కొందరు నవ్వారు. ఈయన ఉండబట్టలేక దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, ఆడండి, అరవండి. ఆ బూతులెందుకు?"

సెక్రటరీ గారి అబ్బాయి మర్యాదగానే నవ్వాడు. "మేం ఇలా లేకపోతే మీ పొయ్యి వెలగదు కదంకుల్."

గుంపంతా ఈల వేసింది. ఆయన మిట్ట దిగి ఇంటికి వచ్చాడు.

సెమీఫైనల్లో వీళ్ళ జట్టు ఓడింది. అవతలి జట్టు బస్సు గేటు దాటుతుండగా గుంపులోంచి ఒక రాయి వెళ్ళి కిటికీని పగలగొట్టింది. లోపల ఒక కుర్రాడి చెవి తెగింది. విసిరినవాళ్ళు క్షణంలో చెల్లాచెదురయ్యారు. అద్దాలాయన కూతురు అప్పుడే బయటికి వస్తోంది. వెనకాల చిన్న తరగతుల పిల్లలు పరుగున వస్తున్నారు, దారినిండా గాజు. పిల్ల సంచీ పక్కన పెట్టి వంగింది. ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. పగిలిన కిటికీ, పక్కన చేతిలో పెద్ద పెంకుతో ఆ పిల్ల, అరచేతిలో నెత్తురు.

మర్నాడు పెద్దసారు గదికి ఆయన్ని పిలిపించారు. సోఫాలో సెక్రటరీ గారు ఉన్నారు. వాళ్ళబ్బాయి లేడు. ఫోన్లో ఆ ఫొటో చూపించి, బస్సు అద్దం పగలగొట్టింది మీ అమ్మాయే అన్నారు.

"ఏరుతోంది సార్, పిల్లలకు గుచ్చుకుంటాయని" అన్నాడు అద్దాలాయన.

సెక్రటరీ గారు ఫోను పక్కన పెట్టారు. "అంత గొడవలో ఎవరైనా పారిపోతారు గాని, కూర్చుని పెంకులు ఏరుతారా? నువ్వే చెప్పు."

"మా ఇంట్లో ఏరుతారండి."

గదిలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. పెద్దసారు గొంతు తగ్గించాడు. "మిగతా కుర్రాళ్ళను మందలించాం. మీ అమ్మాయిది ఫొటో బయటికి పోయింది, మా చేతుల్లో లేదు. రేపు ప్రార్థనలో తప్పు ఒప్పుకుంటే అక్కడితో సరి. లేదంటే బడి మానిపించాల్సి వస్తుంది. పరీక్షలు కూడా దగ్గరపడ్డాయి, ఆలోచించుకో."

ఇంటికి వచ్చి చెబితే భార్య చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. "చెయ్యని పని చేశానని ఎలా చెబుతుందండీ?"

కూతురు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నాన్నా, నువ్వేమంటే అదే."

ఆయన ఆ కట్టు ఒకసారి సరిచేశాడు. "ఒక్క మాటమ్మా. చెప్పేసి దిగిపో. పరీక్షలు గట్టెక్కితే ఆ బడి మొహం మళ్ళీ చూడక్కర్లేదు."

మర్నాడు ప్రార్థన వేళకు ఆయన బడి గోడవతల నిలబడి విన్నాడు. "అద్దం నేనే పగలగొట్టాను. క్షమించండి." అంతే, రెండు ముక్కలు. ఆ తర్వాత వెనక వరసల్లోంచి చప్పట్లు మొదలయ్యాయి. మొదలుపెట్టింది ఎవరో ఆయనకు చూడకుండానే అర్థమైంది. ఎగతాళి చప్పట్లయితే ఓర్చుకునేవాడే. అవి సంతోషంతో కొట్టినవి.

మూడో స్థానం కోసం ఆట మిగిలింది. ఆ రోజు ఆయన కూతుర్ని బడికి పంపలేదు. ఒక దుకాణం ముందు భాగానికి పెద్ద పలక కొయ్యాలి, రెండో కొస పట్టుకోమన్నాడు. మధ్యాహ్నమంతా మిట్ట మీంచి డ్రమ్ము వినిపిస్తూనే ఉంది. ఒక్కసారిగా పెద్ద కేక లేచింది, సగంలో తెగిపోయింది. డ్రమ్ము కూడా ఆగింది.

"గోలా నాన్నా?"

"తెలీదమ్మా. కొస వదలకు."

కాసేపటికి అంబులెన్సు వీధిలోంచి పైకి వెళ్ళింది. దాని వెనకే పోలీసు జీపు. సాయంత్రమవుతుండగా అటెండరు వచ్చాడు. ఎప్పటిలా లోపలికి రాకుండా మెట్టు కిందే నిలబడ్డాడు.

"అవతలి గోల్‌కీపరుకి కంట్లో రాయి తగిలిందన్నా. కన్ను దక్కదంటున్నారు." కాస్త ఆగాడు. "పెద్దసారు పాపని తీసుకురమ్మన్నారు."

"మా అమ్మాయి పొద్దున్నుంచీ ఈ గది దాటలేదు."

"నాకు తెలుసు. ఎవరు విసిరారో అక్కడ అందరికీ తెలుసు. కానీ ఎస్సై గారు, ఇదివరకు ఇలాంటి పని చేసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగారు. ఒప్పుకున్న పిల్ల ఒక్కతే కదన్నా మనకి."

తండ్రీ కూతురూ పలకను మెల్లగా బల్ల మీదికి దించారు.

"ఈసారి చెప్పమనకు నాన్నా."

"అనను."

"నేను దాంతోపాటు ఇక్కడే ఉన్నానని చెబుతా" అంటూ భార్య చెప్పులు వేసుకుంది.

"నువ్వు తల్లివి, నేను తండ్రిని. మన మాట సాక్ష్యం కిందికి రాదు" అన్నాడాయన. అన్నాడే గాని, ఆమెను రావద్దనలేదు.

ముగ్గురూ మిట్ట ఎక్కుతుంటే జనం దిగుతున్నారు. పిల్లలు, తల్లిదండ్రులు, డ్రమ్ము చంకలో పెట్టుకున్న కుర్రాళ్ళు. సెక్రటరీ గారి అబ్బాయి వాళ్ళలో లేడు. పిల్లను చూడగానే ముందున్నవాళ్ళు పక్కకు తప్పుకున్నారు, వెనకున్నవాళ్ళు వాళ్ళను చూసి తప్పుకున్నారు. తలెత్తి చూసినవాడు ఒక్కడూ లేడు. వాళ్ళు దాటిపోయాక ఎవరో, "అదిగో, వెళ్తోంది" అన్నారు.

ఆ గొంతులో కోపం లేదు. హమ్మయ్య అన్నట్టుంది. ఆయన కూతురి చెయ్యి పట్టుకుని, తెరిచి ఉన్న గేటు వైపు నడిచాడు.