పెదబాబు మెచ్చని మామిడిరసం

ఎండలు ముదిరాయంటే పెదబాబు తువ్వాలు నెత్తినేసుకుని చోడవరం బస్టాండు చుట్టూ ఉన్న జ్యూస్ షాపులన్నీ తిరిగేవాడు. ప్రతిచోటా మామిడిరసం తాగి, నాలుక చప్పరించి, వంక పెట్టేవాడు. ఒకడిది ఐసునీళ్లు, ఇంకొకడిది ఒట్టి ఎసెన్సు. వాటాల్లో తమ్ముడికి పోయిన చెట్టు పళ్లకి ఏదీ సాటిరాలేదు. ఆ చెట్టుతోపాటే తమ్ముడితో మాటలూ పోయేయి.

తొంభై ఆరు వేసవిలో కనకదుర్గ కొత్తగా పెట్టిన కొట్లో మొదటి గుక్కకే ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఎక్కడివమ్మా ఈ పళ్లు?" అనడిగేడు.

"రోలుగుంట నుంచి మీ తమ్ముడే దింపెళ్లేరు బాబూ. బాగోలేదా?"

పెదబాబు గ్లాసు అడుగుదాకా తాగేడు. "పంచదార ఎక్కువైపోనాది" అని గొణిగి, ఖాళీ గ్లాసు ముందుకి జరిపేడు. "ఇంకోటి పొయ్యి. నాను తాగేనని ఆడికి సెప్పకు."