మావ కత్తిరించిన మెట్లు

"మీ మావ పోనాడే" అని ఆమదాలవలస నుంచి అత్త ఫోన్ చేస్తే, ఏడుపు రాకముందే నా నోట్లోంచి వచ్చిన మాట, "డబ్బా ఎక్కడుందత్తా?" చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మా మావ సినిమా హాల్లో ఆపరేటరు. ఎన్ని సినిమాలు ఆడించినా ఆయన మురిసిపోయింది ఒక్కదానికే. కొండమీద పాడుబడ్డ బంగళా, అందులో ఒంటరి ఆడమనిషి, ఊరికే కొట్టుకునే కిటికీలు. వారం కూడా ఆడలేదు. "దెయ్యం ఏదని అడిగీవోరే జనం. దెయ్యం లేదు. గాలే ఉన్నాది. నాకు అదే భయం" అనేవాడు.

అందులో ఆవిడ లాంతరు పట్టుకుని మెట్లు దిగడమే రెండు నిమిషాలు. పాట లేదు, మాట లేదు. మ్యాట్నీలో జనం ఈలలు వేసి కుర్చీలు బాదారు. ఓనరు కోసెయ్యమన్నాడు, మావ కోసేశాడు. సినిమా ఎత్తేసే రోజు కోసిన ముక్కని మళ్లీ అతికించి పంపడం ఆపరేటర్ల ఆనవాయితీ. ఆ రోజు రైలుకి టైమైపోతోందని రీళ్ల పెట్టెని హడావిడిగా స్టేషనుకి పంపేశాడు. ముక్క మాత్రం ఆయన క్యారేజీ గిన్నెలో ఉండిపోయింది. తర్వాత దాన్నొక రేకు డబ్బాలో దాచుకున్నాడు.

ఏళ్లు గడిచి, హాల్లో రీళ్లు పోయి డిజిటల్ వచ్చాక, ఆ సినిమా నా ఫోన్లో దొరికింది. మావ లుంగీ అంచుతో ఫోను అద్దం తుడిచి, తలుపులు మూయించి మరీ చూశాడు. మెట్ల పైనున్న ఆవిడ చటుక్కున కింద తేలింది.

"ఒసే, ఇది నా కత్తెరే! ఈ సినిమాకి మిగిలింది నాను పాడుసేసిన ప్రింటొక్కటేనే!"

అప్పట్నుంచి మనిషికి స్థిమితం లేదు. పాత ఫిల్ము పాడయ్యేముందు పుల్లటి వాసనేస్తుంది. నేను వెళ్లినప్పుడల్లా డబ్బా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టేవాడు.

"వాసనొస్తన్నాదేటే? నిజం సెప్పు."

వచ్చేది. "లేదు మావా" అనేదాన్ని. ఫిల్ములు బాగుచేసేవాళ్లని వెతుకుతానని మాటిచ్చి, రేపూ ఎల్లుండీ అంటూ నెలలు గడిపాను. నా పాడు బద్ధకం!

పదోరోజున అత్త డబ్బా నా చేతిలో పెట్టింది. "ఆకరికి కూడా దీని గోలే. నీకే ఇమ్మన్నాడు."

ఒక సినిమాని ఇంత ప్రేమగా చూడొచ్చని నాకు తెలిసింది ఆయన వల్లే. ఇప్పుడు కనపడిన నంబరుకల్లా ఫోన్ చేస్తున్నాను. ఒకాయన ముక్క ఫోటో పంపమన్నాడు. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకున్నాను. పులుపు గుప్పుమంది. కింది మెట్లన్నీ కరిగి మరకలైపోయాయి. పైన ఆవిడ లాంతరెత్తి, తరువాతి మెట్టు మీదికి కాలు చాపి ఉంది.