కోలాటం కర్రలతో నన్ను లేపిన దేవుడు

సహోదరీ సహోదరులారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు! ఈ రాజోలు కూడికలో ఇంత గలగలా మాట్లాడుతున్న నన్ను చూసి ఈవిడకేం కష్టం తెలుసు అనుకుంటారేమో, కానీ తొంభైల్లో వచ్చిన ఆ పెద్ద తుఫానులో, ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువు కాపలాకి వెళ్ళిన మా వారు తిరిగి రాలేదండీ, ఆ రోజు నుంచి నాకు మాట పోయింది, తిండి పోయింది, కొబ్బరాకు కదిలితే చాలు వణికిపోయేదాన్ని.

అన్నిటికంటే కష్టం మా అత్తగారి ముఖం చూడడం. ఆవిడవీ మా వారివీ ఒకే కళ్ళు! అందుకని ఆవిడ అన్నం పట్టుకొస్తే నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని, కొడుకును పోగొట్టుకున్న ఆ తల్లి కంచం అక్కడ పెట్టి వెళ్ళిపోయేది. అమలాపురంలో డాక్టరు గారు మాత్రలిచ్చారు, అవి వేసుకున్నాను, ప్రార్థన కూడా చేశాను, కానీ ఎలాంటి ప్రార్థన? "తండ్రీ, రేపు తెల్లారనియ్యకు" అని!

ఏడాది తిరిగింది, క్రిస్మస్ దగ్గరపడింది. మా చర్చిలో క్రిస్మస్‌కి ఆడవాళ్ళం కోలాటం వేస్తాం. లోపలి వరస నిలబడి ఉంటుంది, బయటి వరస చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరితో కర్ర కలుపుతుంది. పాస్టరమ్మగారు నా మంచం దగ్గర కూర్చుని, "బయటి వరసలో ఒకరు తక్కువయ్యేరమ్మా. నువ్వు రాకపోతే ప్రతి ఒక్కరి కర్రా ఒకసారి గాలికి పోద్ది" అన్నారు. ఆవిడని పంపించేద్దామని సరేనన్నట్టు "ఆయ్" అన్నాను. మన వైపు ఆయ్ అన్నాక ఇంక తప్పుతుందా అండీ! మర్నాడు వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు.

వెళ్ళి చూస్తే లోపలి వరసలో మా అత్తగారు! నేను తల దించుకుని తిరిగాను, ఆవిడ దగ్గరకొచ్చేసరికి నా కర్ర ఆవిడ వేళ్ళమీద పడింది. పాస్టరమ్మగారు పాట ఆపలేదు. "కర్రని చూడకమ్మా, ఎదటి మనిషి కళ్ళల్లోకి చూడు" అన్నారు.

చూశాను సహోదరులారా! మా వారి కళ్ళు! ఇంక పడిపోతాననుకున్నాను, కానీ పడడానికి తీరికేదండీ, అప్పటికే పక్కావిడ కర్ర ఎత్తి నా కోసం నిలబడి ఉంది! అలా తిరిగి తిరిగి మళ్ళీ అత్తగారి ముందుకు, మళ్ళీ ఆ కళ్ళు, ఈసారి ఇద్దరం ఏడ్చాం, ఏడుస్తూనే తాళం తప్పకుండా కొట్టాం, నా నోట పాట వచ్చింది! దేవునికే మహిమ! ఇంటికెళ్ళాక ఆవిడ అన్నం కలిపి పెడుతూ మొదటిసారి మా వారి చిన్నతనం కబుర్లు చెప్పారు, నేను కంచం ఖాళీ చేశాను. ఆ రాత్రి నా ప్రార్థన మారిపోయింది. "తండ్రీ, తొందరగా తెల్లారనియ్యి, ప్రాక్టీసుకెళ్ళాలి" అన్నాను!

భయం ఒక్కరోజులో పోలేదు, మాత్రలు డాక్టరు గారు మానమనేవరకూ మానలేదు. క్రిస్మస్ నాడు ఆట మధ్యలో గాలి లేచింది, కొబ్బరి చెట్లు ఊగాయి, వరస వదిలి పారిపోబోయాను. అంతలో అత్తగారి కర్ర వచ్చి నా కర్రకి ఠప్పున తగిలింది. నేను నిలబడ్డాను!

వందనాలు తండ్రీ, పాడే గొంతూ కలిపే చేతులూ ఇచ్చినందుకు! ఇదిగో, మా అత్తగారు ముందు వరసలోనే ఉన్నారు, మోకాళ్ళ నొప్పులతో ఇప్పుడు ఆడలేరు, అయినా కర్రలు మాత్రం తెచ్చారు. ప్రియులారా, మీ ఇళ్ళల్లో గోడవైపు తిరిగి పడుకున్నవారు ఎవరైనా ఉంటే, ఆ ప్రభువుని నమ్మి చెయ్యి పట్టుకుని తీసుకురండి. పాట రాకపోయినా ఫరవాలేదు, ఏడుస్తూ వచ్చినా ఫరవాలేదు. కూడిక అయ్యాక బయట కోలాటం వేస్తున్నాం, మా అత్తగారి చోటు ఖాళీగా ఉంది, ఆవిడ కర్రలు ఎవరికివ్వాలా అని చూస్తున్నారు.