పొత్తు బావి జంగారెడ్డి

ఎమ్మెల్యేగా ఉన్నన్నాళ్లూ జంగారెడ్డి కోడికూతకు బావి దగ్గర నీళ్లు తోడడానికి ఎడ్లకు మోట కట్టేవాడు, రోజు విడిచి రోజు. మిగతా రోజు బావి ఆయనది కాదు. అల్మాస్‌గూడలోని ఆ బావి పొత్తు బావి. అందులో సగం తెనాలి వైపు నుంచి వచ్చిన వెంకట్రావుది. జంగారెడ్డి పాలివాడు భూమి అమ్ముకుంటే, దానితోపాటు బావిలో సగం హక్కునూ అతను కొన్నాడు.

జంగారెడ్డికి ఏడెకరాల చేను, నాలుగో తరగతి చదువు. వంకాయలు, కొత్తిమీర బండికెత్తి సరూర్‌నగర్ కట్ట మీదుగా, దిల్‌సుఖ్‌నగర్ దాటి మీరాలం మండికి తోలేవాడు. అప్పటికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఇళ్లకన్నా ప్లాట్ల హద్దురాళ్లే ఎక్కువ.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు ఆయన అందులో చేరింది ఉపన్యాసాలు విని కాదు. ఊళ్లో చదువుకున్నవాళ్లకు రావలసిన నౌకరీలు రావడం లేదని కళ్లారా చూశాడు, అంతే. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర రోడ్డు బంద్ చేద్దామని అందరూ అన్నారు కానీ, అడ్డం పెట్టడానికి బండి ఉన్నది ఆయనకే. పెట్టాడు. పోలీసులు బండిని పక్కకు లాగి, ఆయనను చంచల్‌గూడ జైలుకు తీసుకెళ్లారు.

ఇరవై రోజులకు వదిలారు. జైలు గేటు దగ్గర చక్రపాణి దండలతో నిలబడ్డాడు. అతను వకీలు, సరూర్‌నగర్ ఉద్యమ కమిటీకి పెద్ద. వచ్చే ఎన్నికల్లో టికెట్ జంగారెడ్డికేనని కమిటీ అప్పటికే అనుకుంది. దారిలో ఎడ్లబండి మీద చక్రపాణి మరో శుభవార్త చెప్పాడు.

"చేను ఎండిందేమోనని పరేషాన్ కాకు పటేలా. మావోళ్లు రోజూ నీళ్లు పారిచ్చిండ్రు."

"రోజూ ఎట్ల? నాది రోజిడిసి రోజు గదా."

"ఆ ఆంధ్రాయన మోటకున్న తోలు తొండం కోసేసిండ్రు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌ల దోస్తు ఇంట్ల దాక్కున్నడు. ఇగ బావంత నీదే."

జంగారెడ్డి మెడలో దండ తీసి బండి గుంజకు తగిలించాడు.

పొత్తు బావులకు ఒక కట్టుబాటు ఉంది. ఇంట్లో చావు వల్లో జబ్బు వల్లో మరే ఆపద వల్లో పొత్తుదారు రాలేకపోతే, అతని వంతు రెండోవాడు తోలి అతని చేనికే పెట్టాలి. ఆ నీళ్లు తన చేనికి పెట్టుకున్నవాడు వంతు తిన్నోడు. ఆ పేరు పడితే ఏ ఊళ్లోనూ అతన్ని బావి పొత్తుకు రానివ్వరు, పంచాయితీలో అతని మాట వినరు. చక్రపాణిది పట్నం, అతనికి బావి లేదు. మేలు చేశాననే అనుకున్నాడు. జైల్లో కూర్చునే జంగారెడ్డి పది వంతులు తిన్నాడు.

ఇంట్లో భార్య ఆండాలు అన్నం పెడుతూ చెప్పింది. "నేను వద్దన్న. నీకేం ఎరుక, ఊకో అన్నరు. మన వంకాయలు నిగనిగలాడుతున్నయి, పోయి సూసుకో."

వెళ్లి చూశాడు. పక్కన వెంకట్రావు చేను తల వాల్చింది.

ఆ సాయంత్రమే దిల్‌సుఖ్‌నగర్ పోయి వెంకట్రావును బయటికి పిలిచాడు. "నీ వంతులు నీకున్నయి. తిన్న పదింటికి బదులు నా పది వంతులు గూడ నీయే. మోట నాది, ఎడ్లు నాయి."

"మీ చేను ఎండిపోతుంది రెడ్డిగారూ. నేను పొలం అమ్ముకుని వెళ్లిపోదామనుకుంటున్నానండీ."

"అమ్ముకునుడు నీ ఇష్టం. అమ్మేదాక వంతు నీది."

ఇరవై రోజులు బావి నీళ్లన్నీ వెంకట్రావు చేనికే పారాయి. జంగారెడ్డి వంగతోట నిలువునా ఎండింది. "తెలంగాణ వచ్చేదాక మనింట్ల వంకాయ కూర లేనట్టే," అంది ఆండాలు.

చక్రపాణి గట్టు మీదికి వచ్చి నిలదీశాడు. "ఆంధ్రోని చేన్ల నీళ్లు పోసుకుంట తిరిగితే రేపు నీకు ఓటెవ్వడేస్తడు పటేలా?"

"రాష్ట్రం నాకు రావాలె. ఎంకట్రావు వంతు నాకెందుకొస్తది?" అని జంగారెడ్డి ఎడ్లను మళ్లీ వెనక్కి నడిపాడు.

1972 ఎన్నికల్లో టికెట్ చక్రపాణి తీసుకున్నాడు. కారణం అడిగితే బావి సంగతే చెప్పారు. జంగారెడ్డి ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. దిల్‌సుఖ్‌నగర్ సభలో చక్రపాణి మనుషులు "ఆంధ్రా మోట, ఆంధ్రా మోట" అని వెనక నుంచి కేకలు వేశారు. ఆయన వాళ్లను ఆపలేదు. కేకలు సద్దుమణిగాక అన్నాడు.

"అవ్, తోలిన. ఈడ పక్కోని వంతు తిన్నోళ్లుంటే చెయ్యెత్తుండ్రి. ఆళ్ల ఓటు నాకొద్దు."

ఒక్క చెయ్యీ లేవలేదు. జనంలోంచి ఎవరో, "చక్రపాణికి బావే లేకపాయె, ఎట్లెత్తుతడు?" అంటే సభంతా నవ్వింది.

ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ల ఓట్లు అక్కడ గెలిపించేటన్ని లేవు. ఆయనను గెలిపించినవి పొత్తు బావులున్న ఊళ్లు. మెజారిటీ ఆరు వందల పద్నాలుగు.

ప్రమాణ స్వీకారం రోజు వంతు జంగారెడ్డిది. పొలం అమ్మకుండా ఉండిపోయిన వెంకట్రావు పొద్దున్నే వచ్చాడు. "ఇవాళ మీ చేనికి నేను తోలతాను. మీరు వెళ్లి రండి."

"తోలు. రేపు నీది నేను తోలుత," అని జంగారెడ్డి బస్సెక్కి అసెంబ్లీకి వెళ్లాడు.

మర్నాడు అర్జీలు పట్టుకుని జనం ఇంటికి వస్తే ఆండాలు బావి వైపు చెయ్యి చూపింది. కొత్త ఎమ్మెల్యే వెంకట్రావు చేనికి మోట తోలుతున్నాడు. అర్జీదారులు ఎడ్ల వెంట ముందుకూ వెనక్కూ నడుస్తూ తమ సంగతులు చెప్పుకున్నారు.