మూలుగును గద్దించిన మధ్యాహ్నం

తల్లి గర్భంలోనే మనల్ని ఎరిగి, మనం అడగకముందే ఊపిరి పోసిన దేవునికి స్తుతి కలుగును గాక. ఆయన మంచితనం చెప్పాలని కూర్చుంటే ముందు నా తెలివితక్కువతనం చెప్పాల్సి వస్తోంది. నా జీవితంలో ఆ రెండూ ఎప్పుడూ జంటగానే నడిచాయి.

ఆ రోజుల్లో నేను డాక్టరు చదువు ముగించి, చిలకలగూడలోని ఒక పాత ఆసుపత్రిలో స్కానింగు నేర్చుకుంటున్నాను. చదువు తలకెక్కింది గానీ చిన్నప్పటి భయాలు దిగలేదు. స్కానింగు గది మెట్ల కింద, కిటికీ లేకుండా ఉండేది. తెర మీది బొమ్మ బాగా కనబడాలని దీపాలు ఆర్పేసేవాళ్లం. చేరిన రోజే గది ఊడ్చే ఆయమ్మ నన్ను పక్కకు పిలిచి, "ఆ రూముల మూలుగు వినొస్తది సారూ, జెర పైలం" అంది. నేను పెద్దగా నవ్వాను. (గదిలోంచి బయటికొచ్చాకే నవ్వాను.) దయ్యాల్ని వెళ్లగొట్టిన అధ్యాయాలన్నీ సండే స్కూల్లో అప్పజెప్పి బహుమతులు తెచ్చుకున్నవాణ్ని, నాకేం భయమని లోపల ఒక ధీమా.

ఒక ముసురు మధ్యాహ్నం మా సంఘంలో పాటలెత్తే అక్క అల్వాల్ నుంచి వచ్చింది. ఎన్నో ఏళ్ల ఉపవాస ప్రార్థనల తర్వాత నిలిచిన కడుపు, ఏడో నెల. బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందని, బొడ్డుతాడులో రక్తం ఎంత సులువుగా పారుతోందో డాప్లర్ స్కానింగుతో చూడాలన్నారు. బిడ్డ గుండె కొట్టుకున్నప్పుడే కాదు, ఒక దెబ్బకూ మరో దెబ్బకూ మధ్య కూడా రక్తం ముందుకు పోతూనే ఉండాలి. మధ్యలో ఆగిందంటే అవతల మాయలో రక్తానికి అడ్డు బాగా పెరిగినట్టు, నెలలు నిండకుండానే బిడ్డను తీయాల్సి రావచ్చు. నన్ను మొదలుపెట్టమని, తను వెనకే వస్తానని పెద్ద డాక్టరమ్మ చెప్పింది.

పొట్ట మీద ప్రోబ్ ఆనించి శబ్దం పెంచాను. హుష్, హుష్ అని బిడ్డ గుండె లయ. దాని వెనకే, ప్రతి రెండు హుష్‌ల మధ్యా, నేలలోంచి వస్తున్నట్టు సన్నని మూలుగు. ఆయమ్మ చెప్పింది దీని గురించే అనుకున్నాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"తమ్మీ, లోపల ఎవరో మూలుగుతున్నరు. నా బిడ్డ కాదు గద?"

కాదన్నాను. మరెవరో మాత్రం చెప్పలేకపోయాను. కళ్లు మూసుకుని, మిషను మీద చెయ్యి ఉంచి, యేసు నామంలో దాన్ని గద్దించాను. గద్దిస్తూనే చప్పుళ్లను వడకట్టే ఫిల్టరు మీటను చివరిదాకా తిప్పాను. (విశ్వాసానికి క్రియలు కూడా తోడుండాలి కదా.) మూలుగు ఠక్కున ఆగింది. అక్క ఆమెన్ అంది. నేను వెలిగిపోతూ కళ్లు తెరిచాను.

తెర మీద గుండె దెబ్బకొకటిగా రక్తప్రవాహపు శిఖరాలు మాత్రం నిలబడి ఉన్నాయి. వాటి మధ్య అంతా నల్లటి ఖాళీ. హుష్. ఏమీ లేదు. హుష్. ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం ముందు ఇందాకటి మూలుగు ఎంతో నయమనిపించింది. మళ్లీ కొలిచాను, అదే ఖాళీ. ఏమైందో చెప్పవేందని అక్క అడుగుతోంది. నేను మూడోసారి కొలుస్తున్నాను.

డాక్టరమ్మ వచ్చి తెర చూసింది. ఆమె ముఖం మారిపోయింది. అక్క భర్తను పిలవమంది, ఈరోజే ఆపరేషను చేయాల్సి వస్తుందేమోనంది. అంతలో ఆమె చూపు తెర మూలన ఆగింది.

"ఫిల్టరు ఇంత పైకి ఎవరు పెట్టారు?"

"మూలుగు వస్తుంటే తమ్ముడు ప్రార్థన చేసిండు మేడం, పోయింది" అని అక్కే నా తరఫున సాక్ష్యం చెప్పింది.

డాక్టరమ్మ మీటను కిందికి తిప్పింది. మూలుగు తిరిగి వచ్చింది. దానితోపాటే శిఖరాల మధ్య ఖాళీలన్నీ బూడిదరంగుతో నిండాయి. "నిదానంగా పారే రక్తం చప్పుడు బాబూ అది" అందామె. "నువ్వు దయ్యాన్ని వెళ్లగొట్టలేదు, బిడ్డ రక్తాన్ని తెర మీంచి వెళ్లగొట్టావు."

అడ్డు కాస్త ఎక్కువే గానీ రక్తం పారుతోందని, వారం వారం చూస్తూ ఆగవచ్చని తేల్చింది. అక్క మాత్రం లేవలేదు. ఇంకొంచెం సేపు వినిపించమని అడిగింది. చీకట్లో కళ్లు మూసుకుని ఆ మూలుగును పాటలా వింటూ పడుకుంది. నెలలు నిండాకే పుట్టింది పాప, చిన్నగా, గట్టిగా ఏడుస్తూ.

దయ్యాన్ని జయించానని ఒక్క నిమిషం పొంగిపోయిన ఆ కుర్ర డాక్టరును తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దుగానూ ఉంటాడు. ఇప్పటికీ ప్రోబ్ పట్టేముందు ప్రార్థిస్తాను, కళ్లు తెరుచుకునే. ఈ పూట ఏ చీకటి గదిలోనో తన బిడ్డ చప్పుడు కోసం చెవులు రిక్కించిన తల్లి ఉంటే, ఆమె కోసం నాతో కలిసి మీరూ ఒక మాట ప్రార్థించండి.