రెండు వేళ్ళ ఎత్తు కోసం

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి వేసవిలో నన్ను తమిళనాడులోని విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి ఆఫీసుకు మార్చారు. హోదా మోటారు వాహన ఇన్‌స్పెక్టర్, గ్రేడ్ వన్. ఉద్యోగంలో అదే నా చివరి మజిలీ. కాపురం విరుదునగర్‌లోనే ఉంచుకుని రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని.

ఇన్‌స్పెక్టర్ అంటే లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె వేయించే మనిషని జనం అనుకుంటారు. అది సగం పనే. ప్రమాదంలో చిక్కిన బండిని పోలీసులు మాకు చూపిస్తారు. బ్రేకులు, స్టీరింగు, టైర్లు పరీక్షించి, ప్రమాదానికి యాంత్రిక లోపం కారణమా కాదా అని మేము రాసివ్వాలి. లోపం లేదని రాస్తే తప్పు డ్రైవరు నెత్తిన పడుతుంది. మాలో కొందరు చక్రం కూడా విప్పకుండా ‘యాంత్రిక లోపం లేదు’ అని రాసేస్తారు. ఎండలో నిలబడి చేసే పని కదా, చేతికి అలవాటైన వాక్యం హాయిగా ఉంటుంది.

ఆ ఏడు తమిళ మాసం వైకాసి చివర్లో, అంటే జూన్ నడుమ, ఒక పోలీసు స్టేషన్ ఆవరణలో చూసిన జీపు సంగతి ఇది. గుట్టలూ వాగులూ దాటడానికి తయారుచేసిన బండి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. యజమాని గోపాల్సామి నాయుడు. విళాత్తికుళం దగ్గరి పల్లెలో మిరప, పత్తి పండించే పెద్ద రైతు. ఆ చుట్టుపక్కల అంతా నల్లరేగడి చదును. ఆ జీపు ఎక్కిన అతి పెద్ద కొండ రైలు పట్టాల మీది వంతెనే అయి ఉంటుంది.

ముందు రోజు ఆ జీపు ఊరి మలుపులో ఒక మోటారు సైకిలును గుద్దింది. దాని మీద వస్తున్న అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ కార్మికుడికి కాలు విరిగింది. జీపు నడిపినవాడు మరియదాసు, నాయుడి డ్రైవరు. అతని తండ్రి కూడా నాయుడి చేలోనే పనిచేసేవాడట. ప్రభుత్వ బస్సు డ్రైవరు ఉద్యోగానికి మరియదాసుకు పరీక్ష పిలుపు వచ్చి ఉంది. నిర్లక్ష్యంగా నడిపాడన్న కేసు నిలబడితే ఆ పిలుపు చిత్తుకాగితమే. అతను ఆవరణలో వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

నాయుడు వచ్చి, ఇన్‌స్పెక్టర్ సార్ ఎక్కడని తమిళంలో అడిగాడు. నేనే అన్నాను. నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగిచూశాడు. ఎవరూ లేరు. ఈమె ఇంట్లో కూడా తెలుగేనని స్టేషన్ రైటరు ఆయన చెవిన వేశాడు. అంతే, భాష మారింది, వరస కలిసింది.

“మనోళ్ళేనా చెల్లే! ముందే చెప్పకూడదా? వాడు శానా వేగంగా తోలె. నేను పక్కలోనే కూచొని ఉంటిని. మీటరు ముల్లు డెబ్బైలో ఉండె, నా కండ్లార చూస్తిని. బ్రేకులో తప్పేమీ లేదని రాసెయ్యి. ఈ ఎండలో నీకెందుకు కష్టం?”

మా ప్రాంతంలో ఇంటి తెలుగుకు ఇలాంటి ఉపయోగం ఒకటుంది. వీధిలో అందరికీ తమిళమే. ఆఫీసులో ఎవరైనా హఠాత్తుగా తెలుగులోకి దిగితే ఏదో అడగబోతున్నారని అర్థం. మరియదాసు ఇంట్లోనూ అదే తెలుగు. కానీ అతన్ని నాయుడు ‘మనోళ్ళ’లో లెక్కవేయలేదు.

నేను మరియదాసును అడిగాను. అతను నాయుడి వైపు ఒకసారి చూసి, “బ్రేకు తొక్కితిని అమ్మా. పెడలు ఊరికే లోపలికి పోయె. మళ్ళా తొక్కితిని, బండి నిలవలా,” అన్నాడు.

“దొంగమాట! కొత్త బండి ఇది,” అన్నాడు నాయుడు.

కొత్త బండే. మరి చక్రాలు? మడ్‌గార్డు కింద పిల్లి పడుకునేంత ఖాళీ కనిపిస్తోంది. కొత్త బండికి పాత జీపు చక్రాలు ఎందుకు వేశారని అడిగాను. నాయుడు ఆ కథను దాచలేదు సరికదా, గర్వంగా చెప్పాడు.

వైకాసిలో వాళ్ళ ఊళ్ళో కొడ, అంటే అమ్మవారి జాతర. ఆమె ఎద్దుబండి మీద ఊరు తిరుగుతుంది. బండి వచ్చేసరికి మిద్దెల మీద ఉన్నవాళ్ళంతా కిందికి దిగిపోవాలి. అమ్మవారికన్నా ఎత్తులో ఎవరూ ఉండకూడదని ఆ ఊరి కట్టుబాటు. బండి ముందు నాయుడి ఇంటి పెద్ద సాగడం మరో ఆనవాయితీ. తాత నడిచాడు, తండ్రి గూడుబండిలో వెళ్ళాడు, ఈయన జీపులో వెళ్ళాలనుకున్నాడు. ఊరి పెద్దలు కర్రతో కొలిచి చూస్తే ఈయన సీటు అమ్మవారి పీటకన్నా మూడు వేళ్ళు పైకి ఉంది. దిగి నడవమన్నారు.

“నడిచేదా? మా తాత నడిచె అంటే, బండి లేక నడిచె,” అన్నాడు నాయుడు నాతో, అందులో అర్థం కానిదేముందన్నట్టు.

మనిషి దిగడానికి మనసొప్పక బండిని దించాడన్నమాట. కోవిల్‌పట్టిలో ఒక మెకానిక్ చేత పాత జీపు రిమ్ములు, చిన్న టైర్లు వేయించాడు. అందులోనూ ఒక చిక్కుంది. ఇరుసు చక్రం నడుమ ఉంటుంది కనుక, చక్రం నిలువు నాలుగు వేళ్ళు తగ్గితే బండి దిగేది రెండు వేళ్ళే. మిగిలిన వేలెడు ఎత్తు కోసం సీటులో స్పాంజి కోయించాడు. అంత త్యాగం చేసిన భక్తుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ముందు చక్రం విప్పించాను. డిస్క్ బ్రేకు గురించి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్ళెం ఒకటుంటుంది. దాన్ని రెండు పక్కలా నొక్కి పట్టే పనిముట్టు క్యాలిపర్. పెడలు తొక్కితే బ్రేకు ఆయిలు ఒత్తిడితో క్యాలిపర్ బిగుస్తుంది. అది రిమ్ము లోపలి ఖాళీలో ఇమిడేలా కంపెనీ కొలిచి పెడుతుంది. రిమ్ము చిన్నదైతే అది క్యాలిపర్‌కు తగులుకుని చక్రం తిరగదు. పెద్ద డేగిసాలో ఆడే గరిటె చిన్న గిన్నెలో ఆడదు కదా. అప్పుడు బుద్ధి ఉన్నవాళ్ళు చిన్న రిమ్ము ఆలోచన మానుకుంటారు. వీళ్ళు గ్రైండర్ పెట్టి క్యాలిపర్ భుజాన్ని అరగదీశారు.

అరిగి పలచబడిన చోట సన్నటి పగులు, దాని కింద ఆయిలు మరక. గట్టిగా తొక్కగానే పగులు విచ్చుకుంది, ముందు బ్రేకులు పోయాయి. వెనక బ్రేకులు ఉన్నాయి కానీ, అంత బరువును అంత దగ్గరలో అవి మాత్రమే ఆపలేవు. అవతలి చక్రం దగ్గరా అరగదీసిన గుర్తులే. ఫొటోలు తీయించి, క్యాలిపర్లకు సీలు వేయించాను.

ఇక నాయుడు కళ్ళారా చూసిన డెబ్బై. మీటరు దూరాన్ని కొలవదు, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతుంది. చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ వేగం చూపిస్తుంది. ఆయన డెబ్బై చూశాడంటే, బండి అరవై దాటి ఎంతో పోలేదు.

“అట్లయితే నా కండ్లు అబద్ధం చెప్పెనా?” అన్నాడు నాయుడు.

కళ్ళు కాదు, మీరు వేయించిన చక్రాలు అన్నాను.

అప్పుడు ఆయన గొంతు తగ్గించి, “పోనీ చెల్లే, వానికేమి నష్టం? బస్సు పని పోతే మా చేన్లో పని లేదా? వాళ్ళ నాయన చేయలా?” అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడినుంచి ఆయనతో తమిళంలోనే మాట్లాడాను, అచ్చంగా ఆఫీసు తమిళంలో. వరస తెగిందని ఆయనకు అర్థమైంది. మరియదాసుతో మాత్రం తెలుగులోనే, పరీక్షకు చెప్పుల్లో కాకుండా బూట్లు వేసుకుని వెళ్ళమని చెప్పాను.

అనుమతి లేని మార్పువల్ల బ్రేకు విఫలమైందని రాసిచ్చాను. పోలీసులు డ్రైవరు మీది కేసు ఎత్తివేసి, యజమాని మీద పెట్టారు. కొత్త క్యాలిపర్లు, అసలు చక్రాలు బిగించేదాకా బండి రిజిస్ట్రేషన్ నిలిపివేశారు. తెలుగు ఇంట్లో పుట్టి తెలుగువాణ్ణి పట్టించానని నాయుడు ఊరంతా చెప్పుకున్నాడని తర్వాత విన్నాను. నేను పట్టించినవాడూ కాపాడినవాడూ ఇద్దరూ తెలుగువాళ్ళేనని ఆయనకు తట్టలేదు.

మరుసటి వైకాసి దాటాక ఒక సాయంత్రం విరుదునగర్ బస్సెక్కాను. స్టీరింగు ముందు ఖాకీ చొక్కాలో మరియదాసు. బస్సు కదలకముందే వెనక్కి తిరిగి, నవ్వు బిగబట్టుకుంటూ, “కొడ బాగా జరిగె అమ్మా. పెద్దయ్య జీపులోనే పోయె, ఆ పెద్ద చక్రాలతోనే,” అన్నాడు.

మరి కట్టుబాటో అన్నాను.

“అమ్మోరి బండికి లారీ చక్రాలు వేయిచ్చె. ఇబ్బుడు అమ్మోరే ఎత్తు!”

ఊరంతా ఆయన భక్తిని మెచ్చుకుందట. లాగే ఎద్దులను ఎవరూ అడిగినట్టు లేదు.

చక్రం విప్పకుండా సంతకం పెట్టకూడదన్నది నాకు ముందే తెలుసు, ఈ వ్యవహారం దాన్ని గట్టిపరిచింది. కొత్తగా తెలిసింది ఒకటే. అరగదీసిన క్యాలిపర్‌ను మార్పించగలం, తప్పుడు చక్రాన్ని ఊడదీయించగలం, కానీ దిగి నడవడానికి ఇష్టపడని మనిషిని దించే అధికారం మా శాఖకు లేదు. ఎద్దుబండి ఎలాగూ మా పరిధిలోకి రాదు.